నీరు తేటపడేదాకా ఆగవద్దు



వానాకాలంలో సుంకేసుల నుండి కేసీ కాలువకు కొత్తనీరు వచ్చినప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు సంబరం. ఆ నీరు మాత్రం మట్టితో చిక్కగా ఉంటుంది. మోకాలి లోతులో నిలబడితే మన పాదాలు మనకే కనిపించవు. అయినా ఆ బురదనీటిలోనే చేపలు మేత వెదకుకొంటాయి, ఆపదను తప్పించుకొంటాయి. ఎలాగంటారా?

మన కంటి ముందరి పలుచని పొర గాలిలో వెలుగును చక్కగా వంచుతుంది. నీటిలో దానికి ఆ శక్తి దాదాపు ఉండదు. అందుకే మునిగి కళ్లు తెరిస్తే మనకంతా మసక. చేపకైతే సృష్టికర్త గోలీవంటి గుండ్రని కటకాన్ని అమర్చాడు. అంతేకాదు, బురదనీటిలో నీలి వెలుగు త్వరగా నశించి, పసుపు, ఎరుపు వెలుగు ఎక్కువగా మిగులుతుంది. మంచినీటి చేపలలో చాలావాటి కంటిలో విటమిన్ ఏ2తో ఏర్పడిన పదార్థం ఉండి, ఆ ఎర్రని వెలుగును బాగా పట్టుకొంటుంది. మన కంటిలో ఉండేది ఏ1. ఈ తేడాను 1930లలో వివరించిన జార్జ్ వాల్డ్‌కు, చూపును గూర్చిన పరిశోధనలకుగాను 1967లో నోబెల్ బహుమతి లభించింది. సముద్రంనుండి నదిలోకి ఎదురీదే సాల్మన్ చేప కంటిలో ఏ2 పాలు పెరుగుతుంది. నీరు మారితే కన్ను లోపలినుండి మారుతుంది!

గమనించండి: సర్వేశ్వరుడు చేపకోసం ఏటిని వడబోయలేదు. ఏటికి తగిన కంటిని ఇచ్చాడు.

మనమో, నీరు తేటపడాలని కూర్చుంటాము. "అప్పులు తీరనీయండి, అప్పుడు గుడికి వస్తాము." "గట్టు తగాదా తేలనీ, అప్పుడు అన్నతో మాట్లాడతాను." "ఆయన తాగుడు మానితే ఇంట్లో జపమాల మొదలుపెడదాము." ఇలా ఏళ్లు గడచిపోతాయి. పిల్లలు పెదతండ్రి ముఖం తెలియకుండా పెరుగుతారు. ఒకనాడు ఆ అన్న శవపేటిక ముందు నిలబడి ఏడుస్తాము. అప్పటి కన్నీరు ఎవరికి ప్రయోజనం?

పునీత యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డివానిని తలచుకోండి. ప్రభువు అతని కన్నులకు పూసినది బురదే. సిలోయము కోనేటిలో కడుగుకొని అతడు చూపు పొందాడు. ఆ తరువాత అతని బ్రతుకు తేటపడిందా? లేదు. ఇరుగుపొరుగు అనుమానించారు. తల్లిదండ్రులు భయపడి తప్పుకొన్నారు. పెద్దలు వెలివేశారు. చుట్టూ నీరు మరింత కలకబారింది. అయినా ఆ కలకలోనే అతడు ప్రభువును గుర్తించి మ్రొక్కాడు. విశ్వాసమంటే ఇదే.

మరొక సంగతి. వాలుగ, జెల్ల వంటి చేపలకు కంటితోపాటు మీసాలున్నాయి. వాటితో తడిమి, రుచి చూసి మేతను కనుగొంటాయి. చేప ఒంటి ప్రక్కనున్న సన్నని గీత నీటి కదలికను తెలుపుతుంది. కన్ను చాలనిచోట ఇతర తోడ్పాటు ఉంది. మనకు కూడ కుటుంబ ప్రార్థన, పాపసంకీర్తనము, మంచి పొరుగువారి సలహా అటువంటివే. ఒంటరిగా తడుముకోవద్దు.

అయితే చేప కంటికీ ఒక హద్దున్నది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో మనుష్యుల చేష్టలవలన నీరు మురికిపట్టి, కొన్ని చేపలు తమ జాతి జోడును రంగునుబట్టి గుర్తించలేకపోతున్నాయని, అందువలన జాతుల వైవిధ్యమే తగ్గుతున్నదని 1997లో శాస్త్రజ్ఞులు తెలిపారు. చాడీలతో, పాత పగలతో మన ఊరి నీటిని కలిపేవారము మనమే కాకూడదు. మనము కలిపిన నీటిలో తమవారెవరో గుర్తించలేక నష్టపోయేది మన బిడ్డలే.

కనుక ఈ ఆదివారం దివ్యబలిపూజకు వచ్చేముందు, పలకరింపు మానిన ఒక్క గడపకు వెళ్లండి. తగాదా తేలకపోయినా వెళ్లండి. "బాగున్నావా అన్నా?" అని అడగండి. పొలం లెక్క తరువాత చూసుకోవచ్చు.

ప్రభువా, మా నీరు తేటపడకముందే మా కన్నులు తెరువుము. ఆమెన్.