బందరులో ఇల్లు, కోడూరులో వాటా



నివాసం అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. దివ్యఖుర్ఆన్ నహల్ సూరా 80వ సూక్తిలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మన ఇళ్ళను మనకు ప్రశాంతినిచ్చే చోటుగా తానే చేశానని తెలియజేశాడు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగు మనిషి సౌభాగ్యంలో భాగమని మహాప్రవక్త (సఅసం) బోధించారు. కనుక సొంత ఇల్లు కోరుకోవడం ప్రాపంచిక వ్యామోహమని ఎవరైనా అంటే అది సరికాదు. అయితే ఆ ఇల్లు ఏ డబ్బుతో వచ్చింది, ఎవరి హక్కు మీద లేచింది, ఏ కాగితం మీద ఏ మాట రాసి వచ్చింది అన్న విషయాలు కూడా ధర్మంలోనివే. నమాజు, ఉపవాసాల మస్అలాలు అడిగేవారు చాలామంది ఉన్నారు. ఇల్లు కొనేముందు మస్అలా అడిగేవారు మాత్రం అరుదు. కొన్నాక అడుగుతారు.

అలా కొనకముందే అడిగిన ఒక సోదరుని సంగతి ఇక్కడ ప్రస్తావిస్తాము. కోడూరు మండలంలోని ఒక గ్రామానికి చెందిన ఆయన ఉపాధ్యాయుడు. కుమార్తెకు మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. వెనుక ఇద్దరు పిల్లలు ఉన్నారు. కోడూరు నుంచి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా రోజూ బస్సులో ఆడపిల్లను పంపడం కష్టం. బందరులో అద్దె ఇంటికోసం తిరిగితే, పేరు చెప్పగానే తలుపు దగ్గరే మాట ముగించినవారు ఇద్దరు ముగ్గురు తగిలారు. దాంతో సొంత ఇల్లే కొనాలనుకున్నారు.

బందరు చదువుల ఊరుగా పేరుపడి చాలాకాలమైంది. నోబుల్ కళాశాల 1843లో, ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో మొదలయ్యాయి. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడి, రుద్రవరం వద్ద ప్రాంగణం కట్టుకుంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, ఆ ఏడాది మే నెలలో ఓడరేవు పనులూ ప్రారంభమయ్యాయి. ఓడరేవు అనగానే స్థలాల ధరలు ఎటు పోతాయో చెప్పనక్కరలేదు. (ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల కాలంలో ఇదే బందరు నుంచి ఓడలు ఎర్రసముద్రం వైపు సాగేవి. హజ్ యాత్రికులు వాటిలో ప్రయాణించేవారు. ఈనాడు బందరు పోర్టు అంటే మనకు ప్లాట్లే గుర్తుకొస్తున్నాయి.)

మాస్టారు తన లెక్క మా ముందు పెట్టారు. తండ్రిగారి ఇల్లు, దొడ్డి అమ్మితే 18 లక్షలు వస్తాయి. దాచుకున్నవి 4 లక్షలు. బ్యాంకులో 5 లక్షలు అప్పు తీసుకుంటే 25 లక్షల వరకూ ఉన్న ఇల్లు చూడవచ్చు. "బ్యాంకు అప్పు గురించే అడగడానికి వచ్చాను మౌలానా, తప్పదు కదా?" అన్నారు.

మేము బ్యాంకు మాట పక్కన పెట్టి, "తండ్రిగారికి మీరొక్కరేనా?" అని అడిగాము. గుడివాడలో ఆపా ఉన్నారట. తల్లి కూడా గతించారు. "ఆపా ఏమీ అడగలేదండీ. పెళ్ళికి నాన్న బాగానే ఖర్చు పెట్టారు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

సోదరులారా! మన ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంటా వినిపించే మాట ఇది. పెళ్ళి ఖర్చు వేరు, వారసత్వం వేరు. నిసా సూరా 7వ సూక్తిలో తల్లిదండ్రులు విడిచిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందని అల్లాహ్ నిర్ణయించాడు. 11వ సూక్తిలో కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటాతో సమానమని లెక్క కూడా తానే చెప్పాడు. అప్పులు, వసీయతు ఏమీ లేనప్పుడు ఈ 18 లక్షల్లో 12 తమ్మునివి, 6 అక్కవి. ఆ 6 లక్షలు తమ్ముని చేతిలో ఉన్న అమానతు. దానితో బందరులో గోడ కడితే ఆ గోడ అక్కదే.

దివిసీమలో ఇల్లంటే ఏమిటో మాకు తెలియదని కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. పాలకాయతిప్ప వంటి తీర గ్రామాల పేరు చెబితే నేటికీ పెద్దల కళ్ళు చెమరుస్తాయి. ఆ తర్వాత మళ్ళీ ఇటుక ఇటుక పేర్చి నిలబెట్టిన ఇళ్ళివి. మాస్టారి తండ్రిగారిదీ అటువంటి ఇల్లే. అటువంటి ఇంటిని అమ్మడమే బాధాకరం. కూతురి హక్కు కలుపుకుని అమ్మితే ఆ తండ్రి ఆత్మకు మనం చేసే మేలు ఏమిటి?

స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో ఒకరైన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) మీద ఒక స్త్రీ తన భూమి ఆక్రమించుకున్నారని మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ఒక జానెడు నేల అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందన్న మాటను ప్రవక్త (సఅసం) నోట స్వయంగా విన్న తాను ఆమె నేల ఎలా తీసుకుంటానని ఆయన బదులిచ్చారు. ఆ భూమిని ఆమెకే వదిలివేశారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. తనదైన నేలను కూడా నింద భయంతో వదిలిన మనిషి ఆయన. మనం అక్కాచెల్లెళ్ళ నేలను "వాళ్ళు అడగలేదు" అనే ఒక్క మాటతో కలుపుకుంటున్నాము.

"ఆపా వద్దంటే?" అని మాస్టారు అడిగారు. మా సమాధానం ఇది: ముందు డబ్బు ఆమె చేతికి చేరాలి. ఆమె భర్తకో, కొడుక్కో కాదు, ఆమెకే. తీసుకున్న తర్వాత ఆమె ఇష్టపూర్వకంగా ఏం చేసుకున్నా ఆమె ఇష్టం. చేతికి రాకముందు, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయేమోనన్న భయంతో "నాకొద్దులే" అన్న మాట మాఫీ కాదు.

ఇక బ్యాంకు అప్పు. బఖరా సూరా 275వ సూక్తిలో అల్లాహ్ వర్తకాన్ని హలాల్ చేసి వడ్డీని హరాం చేశాడు. 278, 279 సూక్తుల్లో వడ్డీ మానని వారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉంది. ఏ ఇతర పాపం విషయంలోనూ ఖుర్ఆన్‌లో ఇంత కఠిన హెచ్చరిక కనిపించదు. వడ్డీ తినేవానినే కాదు, ఇచ్చేవానిని, రాసేవానిని, సాక్షులిద్దరినీ ప్రవక్త (సఅసం) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). 5 లక్షలు సాలీనా 9 శాతంతో 15 ఏళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 5,070 రూపాయల చొప్పున మొత్తం 9 లక్షల 12 వేలకు పైగా కట్టాలి. ఇంటికోసం తీసుకున్నది ఐదు, ఇంటికి చెందనిది నాలుగు లక్షల పైమాటే.

"గత్యంతరం లేదు" అనేవారున్నారు. 1999లో ఐరోపా ఫత్వా మండలి, సొంత ఇల్లు లేక వేరే మార్గమూ దొరకని పాశ్చాత్య దేశాల ముస్లింలకు ఒక్క ఇంటి మట్టుకు షరతులతో అనుమతి ఇచ్చింది. దానిని ఎందరో ఉలమాలు అప్పుడే కాదన్నారు, ఇప్పటికీ కాదంటున్నారు. మేమూ వారి మాటే చెబుతున్నాము. గత్యంతరం లేకపోవడమంటే తలదాచుకునే చోటు లేకపోవడం. అద్దె కట్టడం బాధగా ఉండటం వేరు. మహాప్రవక్త (సఅసం) మదీనా చేరినప్పుడు సుమారు ఏడు నెలలు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటిలోనే ఉన్నారు. మరొకరి ఇంట్లో ఉండటం చిన్నతనమైతే ఆయన ఉండేవారే కాదు. మస్జిదె నబవీ కోసం ఎంచిన స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ఆయన అంగీకరించక, కొనే తీసుకున్నారు.

తెలియక ఇప్పటికే అప్పులో దిగినవారిని మేము నిందించడం లేదు. వారు తౌబా చేసి వీలైనంత త్వరగా తీర్చే ప్రయత్నం చేయాలి. వడ్డీ లేని బ్యాంకు మన దేశంలో లేదు. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది కూడా. కనుక మార్గం మనమే వెతుక్కోవాలి.

అయితే బ్యాంకుకు భయపడి మరో గుంటలో పడేవారున్నారు. ఇంటి యజమానికి రెండు మూడు లక్షలు ఇచ్చి అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేనాడు మొత్తం వెనక్కి తీసుకునే స్వాధీన తాకట్టు మన బస్తీల్లో మామూలైపోయింది. ఇచ్చింది అప్పు, దానిమీద పొందింది ఉచిత నివాసం. అప్పుపై షరతుగా పొందే లాభం వడ్డీయే. చీటీ పాట కూడా అంతే. లక్ష చీటీని 80 వేలకు పాడుకుంటే, మిగిలిన 20 వేలు ఇతరులు పంచుకుంటారు. పాట లేకుండా వంతులవారీగా అందరూ పూర్తి మొత్తం తీసుకునే చీటీలో ఈ దోషం లేదు. నమ్మకస్తులైన పది కుటుంబాలు కలిస్తే అదే మన బ్యాంకు.

అన్నిటికన్నా తేలికైన మార్గం అమ్మేవారితోనే వాయిదాలు మాట్లాడుకోవడం. ఇందుకు సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. ఇల్లు కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ చదవవలసినది. ప్రవక్త (సఅసం) విముక్తి చేసిన సేవకుడు అబూ రాఫె (రజి)కి, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో రెండు గదులుండేవి. వాటిని కొనమని ఆయన సాద్‌నే అడిగారు. సాద్ ముందు వద్దన్నారు. పక్కనున్న మిస్వర్ (రజి) కొనాల్సిందేనని పట్టుబట్టారు. అప్పుడు సాద్, నాలుగువేల దిర్హములకు మించి ఇవ్వను, అదీ వాయిదాల్లోనే అన్నారు. బయట అబూ రాఫెకు 500 దీనార్ల బేరం వచ్చి ఉంది. దీనారుకు పది దిర్హముల లెక్కన చూసినా అది అయిదువేలు. అయినా పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని ప్రవక్త (సఅసం) చెప్పగా విన్నానంటూ ఆ తక్కువ ధరకే, వాయిదాలకే సాద్‌కు ఇచ్చేశారు. మన పొరుగువాడు ముస్లిమైనా కాకపోయినా, గోడ పక్కన అమ్మకం జరిగిన సంగతి రిజిస్ట్రేషన్ అయ్యాక టీ కొట్టులో తెలుసుకుంటాడు.

వాయిదాల ధర నగదు ధరకన్నా కొంత ఎక్కువ ఉండవచ్చునని అధికసంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. అయితే లేచిపోయేలోగా ఒకే ధర ఖాయం కావాలి. వాయిదా ఆలస్యమైతే పైసా కలపకూడదు, కలిపితే మళ్ళీ వడ్డీయే.

బయానా ఇచ్చేముందు చూసుకోవలసినవి కూడా చెబుతాము. ఈసీ తీయించండి, లింకు దస్తావేజులు చూడండి. 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు కార్యాలయంలో కనుక్కోండి. ప్రభుత్వ పట్టా స్థలమైతే 1977 నాటి అసైన్డు భూముల చట్టం షరతులు వర్తిస్తాయి. వక్ఫ్ స్థలమైతే దాని అసలు యజమాని ఎవరో వేరే చెప్పాలా? బందరు నేలలో కొన్నిచోట్ల బోరు నీరు ఉప్పన, వానాకాలం వీధి చెరువు. సున్నం వేసిన గోడ వెనుక చౌడు ఉందేమో చూడండి. మదీనా బజారులో ధాన్యపు రాశిలో ప్రవక్త (సఅసం) చేయి పెడితే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెబితే, ఆ తడి అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు తమవాడు కాదన్నారు (ముస్లిం). అమ్మేముందు చౌడుకు రంగు పూసే సోదరులు ఈ హదీసును గోడకు తగిలించుకోవాలి.

ఒక ముక్క జకాతు గురించి. నివసించే ఇంటిపై జకాతు లేదు. ధర పెరిగాక అమ్మాలనే సంకల్పంతో పోర్టు దారిలో కొన్న ప్లాటు వ్యాపార సరుకు. ఏటా ఆనాటి ధరపై రెండున్నర శాతం లెక్కించాలి.

మాస్టారు గుడివాడ వెళ్ళి ఆపా చేతిలో 6 లక్షలు పెట్టారు. ఆమె ఏడ్చిందట. డబ్బు కోసం కాదు, అబ్బా పేరుతో తనకూ ఒకటి ఉందని ఇన్నాళ్ళకు తెలిసినందుకు. వారం తర్వాత ఆమే ఫోన్ చేసి, రెండు లక్షలు అప్పుగా ఇస్తానంది. పెద్ద ఇంటి ఆలోచన మానుకున్నారు. రెండు గదుల పాత ఇల్లు, నగదైతే పద్దెనిమిదిన్నర లక్షలు, వాయిదాలకు 19 లక్షలు. దానినే ఖాయం చేశారు. దస్తావేజులో 12 లక్షలే రాయిద్దామని అమ్మేవారు గట్టిగా అడిగారు. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం కట్టాలి కదా, ఎందుకు దండగ అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. అబద్ధపు సాక్ష్యాన్ని మహాపాపాల్లో లెక్కించిన హదీసు పిల్లలకు చెప్పే మనిషి ఆయన. 19 లక్షలే రాయించారు. ఖర్చులన్నీ లక్షన్నర అయ్యాయి. చేతిలోని 18 లక్షల్లో పోగా పదహారున్నర లక్షలు అమ్మేవారికి ముట్టాయి. మిగిలిన రెండున్నర లక్షలు నెలకు 10 వేల చొప్పున 25 నెలల్లో ఇవ్వాలి. ఆ మాట దస్తావేజులోనే ఉంది.

అక్కాతమ్ముళ్ళ మధ్య రెండు లక్షలకు కాగితమెందుకని మాస్టారి భార్య మొహమాటపడ్డారు. బఖరా సూరా 282వ సూక్తి, ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన సూక్తి, అప్పు రాసుకోవడం గురించే ఉన్నదని చెప్పాము. అసర్ తర్వాత ఆపా ఇంట్లోనే కాగితం రాశాము. సాక్షులుగా ఆమె అల్లుడు, ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు గారు సంతకం చేశారు. ఆపా వేలిముద్ర వేయబోయి ఆగి, పెన్ను అడిగి, ఉర్దూలో తన పేరు రాశారు.