గోత్రనామాలు ఎవరికి చెప్పాలి?

పౌరోహిత్యం అంటేనే ఎదుటివాడి పేరు గట్టిగా పలికే వృత్తి. గోత్రం, నక్షత్రం, ఇంటిల్లిపాది పేర్లు చెప్పందే నాకు సంకల్పం సాగదు. అలాంటి నన్ను మా రాజమండ్రిలో సంగీత పాఠాలు చెప్పుకునే ఒకావిడ అడిగారు: “పంతులుగారూ, వెబ్‌సైట్‌కి పేరు కొనబోతే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు అడుగుతోంది. ఒంటరిదాన్ని. తప్పుడు అడ్రసు రాసేస్తే పాపమా?”

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, ఎవరిదో చెప్పే ‘హూ ఈజ్’ పద్ధతి 1982 నాటిది. అప్పట్లో అర్పానెట్ వాడేవాళ్లు కొద్దిమంది పరిశోధకులు. ఒకరి ఫోన్ నంబరు ఒకరికి తెలిస్తే పని జరిగేది. తరవాత లోకమంతా వచ్చి చేరినా ఆ పట్టిక బహిరంగంగానే ఉండిపోయింది. డొమైన్ కొన్న మర్నాటి నుంచే “సైట్ చేసిపెడతాం, లోగో వేసిపెడతాం” అంటూ ఫోన్లు మొదలయ్యేవి. 2018 మే 25న యూరప్‌లో వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్ అమలయ్యాకే డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ నియమాలు మారి, చాలాచోట్ల వ్యక్తుల వివరాలు కనపడకుండా పోయాయి. అన్ని డొమైన్లకూ ఒకే పద్ధతి మాత్రం లేదు.

ఇక పాపమా అన్న ప్రశ్న. సంకల్పంలో మనం చెప్పే అడ్రసు ఎలాంటిదో గమనించండి. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో చెబుతాం. డోర్ నంబరు చెప్పం. ఉపనయనంలో గాయత్రిని పంచె కప్పి చెవిలోనే ఉపదేశిస్తాం. వయసు, ధనం, ఇంటిగుట్టు, మంత్రం, మందు, దానం, అవమానం లాంటి తొమ్మిదింటిని గోప్యంగా ఉంచుకోమని పెద్దలు చెప్పారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. కాబట్టి దాచుకోవడం పాపం కాదు.

అబద్ధం రాయడం మాత్రం వేరే సంగతి. “అజ్ఞాతవాసంలో ధర్మరాజే కంకుభట్టునని చెప్పుకున్నాడు కదండీ?” అన్నారావిడ. ఎవరూ గుర్తుపట్టరని ఆయనకు యమధర్మరాజు వరం ఉందమ్మా, మనకు లేదన్నాను. తెలిసి తప్పుడు వివరాలిస్తే, డొమైన్ నమోదు చేసే రిజిస్ట్రారు దాన్ని ఆపేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అంతకన్నా ముఖ్యం, రేపు ఆ పేరు మాదేనని ఎవరైనా తగువుకొస్తే మనదని చూపించుకునే ఆధారం ఆ నమోదు వివరాలే. ప్రైవసీ సేవ తీసుకుంటే రిజిస్ట్రారు దగ్గర మన అసలు పేరే ఉంటుంది. బయటివాళ్లకు మన అడ్రసు, ఫోన్ నంబరు బదులు ఆ సేవాసంస్థవి కనిపిస్తాయి. ఇందులో అసత్యం లేదు.

ఈ ప్రైవసీ సేవనే దొంగలూ వాడుకోరా అంటే, వాడుకుంటారు. తిరుమల దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల డబ్బు కాజేసిన వార్తలు చూస్తూనే ఉన్నాం. అందుకే పోలీసులో కోర్టో చట్టప్రకారం అడిగినప్పుడు రిజిస్ట్రారు దగ్గర నిజం దొరకాలి. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే సంస్థలు తమ పేరు, చిరునామా సైట్‌లో పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అది న్యాయం. పరులనుంచి డబ్బు పుచ్చుకునేవాడికి ముసుగు తగదు. పాఠాలకొచ్చే పిల్లల తల్లిదండ్రులకు ఆవిడ ఇల్లు తెలియాలి. దారిన పోయేవాడికి తెలియాల్సిన పని లేదు.

నా దృష్టిలో ధర్మం ఇంతే: జవాబు చెప్పాల్సినవాడి ముందు పేరు దాచకూడదు, మిగతావాళ్లకు చెప్పి తీరాలన్న బాధ్యత లేదు. కనుక ఫారంలో నిజమే రాయండి. ప్రైవసీ సౌకర్యం ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. పాత ‘హూ ఈజ్’ వివరాలను భద్రపరిచి అమ్ముకునే సంస్థలున్నాయి. ఒకసారి బయటపడ్డాక దాచినా ప్రయోజనం తక్కువ.