వేళాకోళమూ, అవహేళనా

ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకునే మాటలను గురించి విమర్శ వ్యాసం రాయవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అవి పొద్దుపోని కబుర్లనీ, శ్రామిక జనాన్ని అసలు సమస్యల నుంచి మళ్ళించే మత్తుమందనీ వారి వాదన. అందులో కొంత నిజం వున్నది. కాని ప్రజలు నవ్వుకునే చోటును విడిచిపెట్టి ప్రజల నీతిని గురించి మాట్లాడటం సాధ్యం కాదని నా నమ్మకం.

2022 డిసెంబరు 18 రాత్రి, సూళ్ళూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే రోడ్డు మొదట్లో, ఒక టీ అంగడి ముందు నా విద్యార్థులతో కూర్చుని ప్రపంచకప్ ఫైనలు చూశాను. కాంట్రాక్టు పనివాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, కాలేజీ పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆట 3–3తో సమానమై, చివరకు పెనాల్టీలలో 4–2తో అర్జెంటీనా గెలిచింది.

“మీ ఎంబాపే మూడు కొట్టినా కప్పు మాదేరా అబ్బయా!” అన్నాడొకడు.

“ముసలోడయిందాకా రాలేదు గదన్నా మీ వాడికి!” అన్నాడు ఓడిన పక్షంవాడు.

అందరూ విరగబడి నవ్వారు. ఇందులో తప్పేమీ లేదు. పైగా మంచే వున్నది. పగలు మేస్త్రీకీ కూలీకీ మధ్య లేని సమానత్వం ఆ గంటసేపు అక్కడ వున్నది. ఎవరి మాటకు ఎవరైనా బదులు చెప్పవచ్చు.

అంతలో ఎవడో ఆ ఓడిన పక్షపు కుర్రవాడినే, “నీకెందుకురా ఫుట్‌బాలు, పోయి ఎలకలు పట్టుకో,” అన్నాడు. ఆ కుర్రవాడు యానాది. మళ్ళీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

ఈ రెండు నవ్వులకూ భేదమేమిటి? ఫ్రాన్సు పక్షం అతను ఆ సాయంత్రం తనంతట తాను ఎంచుకున్నది. రేపు మార్చుకోవచ్చు కూడా. పుట్టుక అతను ఎంచుకున్నది కాదు. మొదటి మాటకు బదులున్నది, రెండవదానికి లేదు. ఒకటి వేళాకోళం, మరొకటి అవహేళన.

అతనూ నవ్వాడు గదా అని సమర్థించేవారున్నారు. కుల సమాజంలో బలహీనుడి నవ్వు అంగీకారం కాదు. నలుగురితో కలిసి ఆ బెంచీ మీద కూర్చోవడానికి అతను చెల్లించే కిరాయి అది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవుల్లో బతికినవారిలో యానాదులున్నారు. కేంద్రం కోసం వారిని అక్కడినుంచి తరలించారు. 1971 అక్టోబరులో అక్కడినుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ దీవి పేరు చెప్పుకుని గర్వించే మనం, వారి మనవణ్ణి బెంచీ చివరకు నెట్టాము.

తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలున్నాయి. ‘మేము’లో ఎదుటివాడికి చోటు లేదు, ‘మనము’లో వున్నది. ‘మేం గెలిచాం, మీరు ఓడారు’ అనుకోవడానికి ముందు ‘మనం ఆట చూస్తున్నాం’ అనేది ఒకటి వుండాలి. అది చెడినప్పుడు ఎదుటివాడు ‘మీరు’ కూడా కాడు, ‘వాళ్ళు’ అయిపోతాడు. 2021 జులై 11న ఇటలీ చేతిలో ఇంగ్లండు పెనాల్టీలలో ఓడినప్పుడు, గురి తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా అనే ముగ్గురు నల్ల ఆటగాళ్ళ మీద జాతి దూషణలు కురిశాయి. గెలిచినంతకాలం ‘మన’వాళ్ళు, ఓడిన రాత్రికి ‘వాళ్ళు’!

ఓటమిలో నిలిచేదే నిజమైన ‘మనం’. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్.ఎల్.వి.–3 సముద్రంలో పడిపోయినప్పుడు, సతీష్ ధావన్ పత్రికలవారి ముందు బాధ్యత తనదేనన్నారనీ, 1980 జులైలో విజయం వచ్చినప్పుడు మాట్లాడే అవకాశాన్ని తనకు ఇచ్చారనీ కలాం పలుమార్లు చెప్పారు. వ్యక్తిపూజ కోసం ఈ సంగతి ఎత్తడం లేదు. గెలుపును పంచుకోవడం సులభం, ఓడినవాడి పక్కన నిలబడటం కష్టమని చెప్పడానికి ఎత్తాను.

కనుక నవ్వును నిషేధించమని నేననడం లేదు. బదులు చెప్పలేనివాడి మీద విసిరిన మాటకు నవ్వకుండా వుండటం నేర్చుకోవాలంటున్నాను. ఆ రాత్రి ఉపాధ్యాయుడిగా నేను చెయ్యవలసిన పని అదొక్కటే. చెయ్యలేకపోయాను.