రహస్యరక్షణము సత్యమునకు విరుద్ధమా?

శ్రావకునకు సత్యాణువ్రతము విధింపబడినది. ప్రభుత్వ సహాయమును కోరు వికలాంగునకు తన లోపమును నిరూపించుకొనవలసిన బాధ్యత గలదు. ఈ రెండును కలిసినచోట ఒక ధర్మసందేహము పుట్టును. వైద్యుని కాగితములలో నున్నదంతయు బయటపెట్టిననే సత్యము నిలుచునా? లేక కొంత దాచుకొనుటకు అతనికి హక్కు గలదా?

కంటికి కనిపించు లోపమునకు ఈ చిక్కు తక్కువ. కాని 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. మనోవ్యాధి, రక్తస్రావ వ్యాధి వంటివి పైకి కనిపించవు. వానికి కాగితమే సాక్షి.

గౌరిబిదనూరు ప్రాంతమున ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. పెద్దకూతురికి మనోవ్యాధి, చిన్నకూతురికి సంబంధములు చూచుచున్నారు. ఇంటిభాష తెలుగు, కచేరి కాగితము కన్నడము. తండ్రి చికిత్సా పత్రముల కట్టనంతను తీసికొనిపోయి, అర్జీ వ్రాయువాని ముందుంచును. అందు వాడిన మందులు, ఆ బిడ్డ వైద్యునితో చెప్పుకొన్న మాటలు, తల్లి అనారోగ్యము కూడ నుండును. వ్రాయువాడు దుర్మార్గుడు కాడు, మాటకారి, అంతే. సాయంత్రమునకు సంగతి అంగడివీధి కెక్కును. పింఛను రాకముందే సంబంధము తప్పిపోవును.

తత్త్వార్థసూత్రమున సత్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. దొంగపత్రము సృష్టించు కూటలేఖక్రియ అందొకటి. ఇతరుల ఏకాంత విషయమును వెల్లడించు రహోభ్యాఖ్యానమును, నమ్మి దాచుకొన్నదానిని అపహరించు న్యాసాపహారమును ఆ పట్టికలోనివే. అనగా అబద్ధము వ్రాయుటయేగాక, ఒరుల రహస్యమును చాటుటయు సత్యవ్రతమునకే దోషము. అర్జీదారు ఇచ్చిన కాగితము ఒక న్యాసము. దానిని పుచ్చుకొన్నవాడు సొత్తునకు యజమాని కాడు.

న్యాయస్థానమును ఈ మార్గముననే నడచినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. ఆ హక్కును తగ్గింపవలెనన్న చట్టముండవలెను, సదుద్దేశముండవలెను, అడుగునది అవసరమునకు మించరాదు. అదే సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము రోగి సమాచారమునకు గోప్యతను హక్కుగా నిచ్చినది.

అవసరమునకు మించి కూడబెట్టకుండుటయే అపరిగ్రహము. అది ధనమునకే గాక సమాచారమునకును వర్తించును. వైకల్యమును నిర్ణయించు వైద్యమండలికి చికిత్సా పత్రములన్నియు చూపవలెను. అచట దాపరికము పనికిరాదు. పింఛను కోరు కచేరికి మాత్రము వైకల్యపు విధమును, శాతమును తెలుపు ధ్రువపత్రమును, నియమములు కోరిన తక్కిన పత్రములును చాలును. చికిత్సా చరిత్ర అచట పెట్టనక్కరలేదు. బ్యాంకు పుస్తకమున ఖాతా సంఖ్యగల పుట చాలును, జమాఖర్చుల పుటలు వలదు. ఒప్పుకొన్నచోట ఆధారులోని 12 అంకెలలో చివరి 4 మాత్రమే కనిపించు ప్రతి నీయవచ్చును. ప్రతిపై దేనికొరకిచ్చినదియు, తేదీయు వ్రాయుట మేలు. జెరాక్సు అంగడిలో పాడైన ప్రతులను వదలి రారాదు. అధికముగా నడిగినచో ఏ నియమము ప్రకారమని మర్యాదగా ప్రశ్నించుట తప్పు గాదు.

దీనికి హద్దును గలదు. శాతమును మార్చు సంగతిని దాచుట మౌనము గాదు, మోసము. వికలాంగుల సదుపాయములను మోసముతో పొందినవారికి 2016 నాటి చట్టము రెండేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధించును. అడుగు హక్కుగలవానికి అబద్ధము చెప్పుట వేరు. హక్కులేనివాని ముందు మాటను అదుపులో నుంచు వాగ్గుప్తి వేరు.

“తప్పు చేయనివానికి దాచనేల?” అని కొందరందురు. రోగము తప్పు గాదు; అయినను లోకము దానిని తప్పుగా చూచును. ఆ చూపు మారువరకు రహస్యమే బలహీనునకు కవచము.

కడపటి మాట సమాజమునకు. అర్జీ వ్రాసిపెట్టుట సేవయే. వ్రాసినదానిని మరచుట ఆ సేవలో సగము. దానము పుచ్చుకొన్నవారి పేర్లను, రోగములను, పటములను వారినడుగక సంచికలలో అచ్చువేయు అలవాటును శ్రావకులు పునరాలోచింపవలసియున్నది. దాత పేరు ప్రకటింపబడకున్న దానమునకు లోపము లేదు. గ్రహీత పేరు ప్రకటింపబడినచో అహింసకు లోపము గలుగవచ్చును.