తెల్లారితే మామూలే

మావాడు హాస్టలుకి వెళుతూ తన పాత లాప్‌టాప్ నాకిచ్చాడు. అందులో వున్నది లినక్స్. బ్యాటరీ ఊరికే అయిపోతోందంటే, పొదుపుకని టి.ఎల్.పి. అనేదేదో పెట్టి వెళ్ళాడు. వాడని భాగాల్ని నిద్రపుచ్చుతుందిట. ఆ రాత్రి బాగానే వుంది. మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ మొదటికే!

ఫోన్లో నవ్వాడు. "'స్టార్ట్' అని వదిలేశానమ్మా. అది ఆ పూటకే. ఆన్ కాగానే ఎవరెవర్ని లేపాలో చూసేది సిస్టమ్‌డి. దానికి 'ఎనేబుల్' అని చెబితేగానీ రోజూ దానంతటది మొదలవదు."

నాకు చురుక్కుమంది. మా అత్తగారికి మతిమరుపు. అడిగిందే అడుగుతారు. విసుక్కోకూడదని రోజూ పడుకోబోతూ ఒట్టు పెట్టుకుంటాను. పొద్దున్నే మూడోసారి "ఇవాళ ఏ వారమే?" అనగానే నా గొంతు లేస్తుంది. నాదీ ఆ పూట ఒట్టే!

పోనీ, నాకూ ఎవరైనా 'ఎనేబుల్' చేసి పెడితే? నోరు మెత్తబడుతుంది సరే, అది నా మంచితనమవుతుందా? రోజూ తంటాలుపడి ఓర్చుకోవడంలోనే కదా నా గొప్పంతా! మీరేమంటారో గానీ, ఆవిడకి నా గొప్పతో పనేమిటి? కావలసింది మెత్తని జవాబు. అది అలవాటుకొద్దీ వచ్చిందో, ఒట్టుకొద్దీ వచ్చిందో ఆవిడ చూడొచ్చారా?

మావాడు చెప్పింది మరిచిపోకుండా కాగితం మీద రాసుకుంటూంటే వెనకనించి వినిపించింది.

"ఇవాళ ఏ వారమే?"

"బుధవారం, అత్తయ్యా" అన్నాను. పొద్దుట్నించీ అది నాలుగోసారి.