శ్రీనాథుడు మరిచిన తాడు

పన్నెండు రోజుల శిక్షణలో ఏడో రోజున నన్ను చచ్చినవాళ్ల పద్దులో రాశారు.

చెరువు గట్టు మీద వరుసగా నిలబడి ఉన్నాం. ఎదురుగా నడుంలోతు నీళ్లలో మా బ్యాచి కుర్రాడొకడు మునిగిపోతున్నట్టు నటిస్తున్నాడు. బాగా నటించాడు. చేతులు ఊపడం లేదు, కేక వేయడం లేదు. నోరు నీటికి కాస్త పైకి తేలుతోంది, మళ్లీ కిందికి పోతోంది, అంతే. నిజంగా మునిగేవాడు సినిమాల్లోలాగా ‘కాపాడండీ’ అని అరవడనీ, అందిన కాస్త గాలీ ఊపిరికే చాలదు గనక మాటకు మిగలదనీ ముందురోజే చెప్పారు. అన్నీ విన్నాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. విజిల్ పడగానే పరుగెత్తి దూకేశాను. ఎదురుగా వెళ్లి పట్టుకోబోయాను. వాడు తనకు చెప్పిన ప్రకారం నా మెడకు రెండు చేతులూ పెనవేసి భుజాల మీదికి ఎక్కాడు. ఇద్దరం మునిగాం. గట్టెక్కాక మాకు శిక్షణ ఇచ్చే హవల్దారుగారు పుస్తకంలో ఏదో గీసుకుని, సగం హిందీ సగం తెలుగులో, “మాస్టర్‌జీ, మీరు ఖతం. ఇప్పుడు నాకు రెండు బాడీలు. రస్సీ కహాఁ హై? తాడు ఏది?” అన్నారు.

తాడు నేను నిలబడ్డ చోటే, చుట్ట చుట్టి, తడవకుండా ఉంది.

మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడంటారు. ఆ సామెతను గడ్డిపోచ వైపునుంచి ఆలోచించడం నాకు అదే మొదలు.

ఆపద మిత్ర అని ఒక పథకం ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ముప్పై జిల్లాల్లో మొదలుపెట్టింది, జిల్లాకు రెండువందల మంది చొప్పున. తర్వాత 350 జిల్లాలకు, లక్షమందికి పెంచారు. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపు వాళ్లు, ఎవరైనా ఊరివాళ్లే. నాకప్పుడు ముప్పైతొమ్మిది. మా బ్యాచిలో తాపీమేస్త్రి ఉన్నాడు, ఆటో నడిపేవాళ్లు ఇద్దరు, ఐటీఐ కుర్రాళ్లు, అంగన్‌వాడీ టీచరు, గోదారి మీద వల వేసుకునే పిల్లలు. నేను హైస్కూల్లో తెలుగు మేస్టారిని. ఏడోరోజు తర్వాత బ్యాచిలో నా పేరు ‘ఖతం మేస్టారు’ అయింది. ఇప్పటికీ రేవులో కనపడితే అలాగే పిలుస్తారు.

నీళ్లలో మనిషిని చూస్తే ఏం చేయాలన్నదానికి ఒక వరస ఉంది. ముందు అందించు: కర్ర, గెడ, పంచె, చీర, ఏదైనా. అందకపోతే విసురు: తాడు, ఖాళీ బిందె, మూత బిగించిన నీళ్లసీసాలు కట్టగట్టినవి. అదీ కుదరకపోతే పడవ. ఏదీ లేనప్పుడు, అదీ ఈత వచ్చినవాడు, నడుముకు తాడు కట్టుకుని, ఆ కొస గట్టుమీద ఒకరి చేతిలో ఉండగా, వెనకనుంచి వెళ్లాలి. దూకడం ఆఖరిది. మన మనసులో మాత్రం అదే మొదటిది. మన కథలన్నీ దూకేవాడివే.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే పోతన గుర్తొచ్చాడు. పదిహేనేళ్లుగా ఆ ఘట్టం పాఠం చెబుతున్నాను. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర వినగానే విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేతబట్టకుండా, గరుత్మంతుణ్ణి పిలవకుండా బయల్దేరతాడు. దానికి తోక ఒక చాటుకథ. శ్రీనాథుడు ఆ పద్యం విని, ఆయుధం లేకుండా ఎందుకు పోయాడయ్యా, వేడుక చూడ్డానికా అని వెక్కిరించాడట. పోతన ఊరుకుని, తర్వాత ఒకనాడు బావిలో పెద్దరాయి పడేసి, బావా, నీ పిల్లాడు బావిలో పడ్డాడని కేక పెట్టాడట. శ్రీనాథుడు భోజనం దగ్గర్నుంచి ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు. తాడేది బావా, నిచ్చెనేది అని పోతన నవ్వాడట. క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొడతారు. ప్రేమ ఉన్నవాడికి తాడు గుర్తుండదు, అదే ప్రేమంటే, అని నేను ముగిస్తాను.

చెరువులో మునిగి వచ్చిన ఆ రాత్రి నాకు తట్టింది ఇది: పోతన పడేసింది రాయి కాబట్టి సరిపోయింది.

నిజంగా పిల్లాడే పడి ఉంటే, బావి దగ్గర ఉట్టి చేతులతో నిలబడ్డ ఆ తండ్రిని చూసి నవ్వేవాళ్లెవరు? దేవుడి సంగతి వేరు. ఆయన వెనక చక్రం తనంతట తనే వస్తుంది. మన వెనక ఏదీ రాదు.

‘ముందు నువ్వు, తర్వాత నీ జట్టు, ఆ తర్వాతే ఆపదలో ఉన్నవాడు.’ మొదటిరోజే చెప్పించిన ఈ మాట నా గొంతు దిగలేదు. తొడకోసి ఇచ్చిన శిబిని, వెన్నెముక ఇచ్చిన దధీచిని చెప్పుకుని పెరిగినవాళ్లం. నా ప్రాణం ముందు చూసుకోవడమేమిటి, సిగ్గులేకుండా? హవల్దారుగారు నన్ను ‘చంపాక’ అర్థమైంది. నేను మునిగితే గట్టున ఉన్న ఆరుగురూ నన్ను వెతకడానికి తిరగాలి. మొదట మునిగినవాడు అప్పుడు నిజంగా ఒంటరివాడు. అంటే నా ప్రాణం దాచుకోవడం నాకోసం కాదు. వరదరోజున అది ఊరుమ్మడి సొత్తు, పంటు మీద లైఫ్‌జాకెట్‌లాగా. ఇలా అర్థం చేసుకున్నాననే గానీ నాలో ఒక మూల ఇంకా పేచీ పెడుతూనే ఉంది. కన్నపిల్ల చెరువులో పడితే తల్లి వరస లెక్కపెట్టదు. ఆమె లెక్కపెట్టే లోకం నాకు వద్దు కూడా. ఆమె దూకుతుంది. ఆమెనూ పిల్లనూ కలిపి లాగే తాడు ఇంకొకరి చేతిలో ఉండాలి, అంతే.

మిగిలిన శిక్షణ చాలావరకు విసుగు. ముడులు, మళ్లీ ముడులు. బోలైన్ అనే ముడి ఒకటి. మనిషి నడుముకు వేస్తే ఎంత లాగినా బిగుసుకోదు, పని అయ్యాక వేలితో విప్పొచ్చు. నాకు రెండురోజులు పట్టింది. వల వేసే కుర్రాడు ఒక్కసారి చూసి, “ఇది మా తాత పడవకి ఏసేదే కదండి. పేరుందని తెలీదు” అన్నాడు. గుండె నొక్కడం ఇంకో విసుగు. బొమ్మ ఛాతీ రెండంగుళాలు దిగేలా, నిమిషానికి వందకు తగ్గకుండా, ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. చెమటతో అరచేయి జారిపోతుంది. మూడో నిమిషానికే లెక్క తప్పుతాం. పక్కవాడు అందుకోవాలి. ఒక్కడే వీరుడు కావడానికి ఆ పనిలో వీలులేదు.

విసుగు లేనిది మాత్రం ఒక మధ్యాహ్నం. సగం పడగొట్టిన పాత భవనం దగ్గరికి తీసుకెళ్లారు. శిథిలాల కింద మనిషి ఉన్నాడో లేడో కనుక్కోవాలి. మేం గడ్డపారలు పట్టుకున్నాం. హవల్దారుగారు అవి కింద పెట్టించారు. చుట్టూ దూరదూరంగా నిలబెట్టారు. జనరేటర్ ఆపించారు, ఫోన్లు ఆపించారు. ఒకరు గట్టిగా పిలవాలి: “లోపల ఎవరైనా ఉన్నారా? వినపడితే ఐదుసార్లు కొట్టండి.” తర్వాత అందరూ నిశ్శబ్దం. ఒక నిమిషం. అంతసేపు ఊరికే వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాకి అరిచింది. ఎక్కడో బస్సు హారన్. నా గుండె చప్పుడు నాకే అడ్డం వచ్చింది. తర్వాత కొద్దిగా, ఇనుపచువ్వ మీద, టక్, టక్, టక్. లోపల దాక్కున్నది తాపీమేస్త్రేనని అందరికీ తెలుసు. అయినా అంగన్‌వాడీ టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరికి ఎటునుంచి వినపడిందో అందరం చేతులు చాపి చూపించాం. ఆ చేతులు కలిసిన చోట తవ్వాలి. పదిహేనేళ్లుగా ఏదో ఒకటి మాట్లాడుతూ బతికేవాణ్ణి. వినడం కూడా వెతకడమేనని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ టీచరు దాన్ని నాకంటే బాగా పట్టుకుంది. మాది గోదారి లంక పక్క ఊరు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, మూడోది 53కి. అక్కడ నీరు పెరిగిందంటే ధవళేశ్వరం దగ్గర పెరగడానికి ఇంచుమించు ఒక రోజు. ఆ ఒక్కరోజే మా పనంతా. గర్భిణులెవరు, మంచంపట్టినవాళ్లెవరు, ఏ ఇంట్లో మగదిక్కు గల్ఫ్‌లో ఉంది, ఈ జాబితా ఎండాకాలంలోనే రాసుకుంటాం. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు చూశాక లంకల్లో చాలామంది చెప్పగానే కదులుతున్నారు. కదలని మామ్మగారు ఒకావిడ ఉన్నారు. “ఎనభయ్యారు గోదారికే కదల్లేదు మేస్టారూ. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది” అని వసారా స్తంభం మీద గీత చూపిస్తారు. అది నిజమే. 1986లో భద్రాచలంలో 75.6 అడుగులు. లెక్కలతో ఆవిణ్ణి గెలవలేం. నేను గంటసేపు వరద గురించి ఉపన్యాసం ఇచ్చాను. టీచరు అంతసేపూ పెరటివైపు చూస్తూ ఉండి, “మామ్మగారూ, గేదెకి ఎన్నో నెలండీ?” అంది.

మామ్మగారు ఒక్క క్షణం ఆగి, “తొమ్మిది నిండాయే. సూడిగేదెని వదిలేసి యెక్కడికి రమ్మంటావు అమ్మాయ్?” అన్నారు.

ముందు గేదెను తోలాం, కాజ్‌వే మునగకముందే. నలుగురం తలోపక్క ఉండి నెమ్మదిగా నడిపించి ఏటిగట్టు ఎక్కించాం. మామ్మగారు గుడ్డలమూట చంకనపెట్టుకుని మమ్మల్ని తిడుతూ దాని వెనకే వచ్చారు. ఆ రోజు ఎవరూ తాడు విసరలేదు, ఎవరూ తడవలేదు. మర్నాడు పేపర్లో రాయడానికి ఏమీ లేదు. ఈ పనిలో బాగా జరిగిన రోజులన్నీ అలాంటివే.

నేను అసలు పేరిచ్చింది కచ్చులూరు వల్ల. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో పర్యాటకుల పడవ బోల్తా పడింది. అందులో ఉన్నది 77 మంది. బతికిన 26 మందికీ ముందుగా చెయ్యందించింది గట్టుమీది ఊళ్లవాళ్లు, తమ పడవలేసుకుని వెళ్లినవాళ్లు. ఏ శిక్షణా లేదు, ఏ జాకెట్టూ లేదు. ఎంత పెద్ద దళమైనా దారి పట్టేలోపు మొదటి అరగంట పక్కింటివాళ్లదే. తర్వాత మొదలైంది రెండో వెతుకులాట. రెండువందల అడుగులకు పైగా లోతులో, సుడుల్లో ఉన్న పడవను 37 రోజుల తర్వాత కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి, ఇనుప తాళ్లతో లాగి బయటికి తీసింది. అన్ని రోజులూ గట్టు మీద ఎదురుచూసినవాళ్లు బతికివస్తారని కూర్చోలేదు. టీవీలో వాళ్లను చూసినప్పుడు, ప్రాణం లేని దేహం కోసం ఇంత కష్టమెందుకని నాలో ఒక తెలివైన ప్రశ్న పుట్టింది. ఇప్పుడు ఆ ప్రశ్న అంటే నాకు సిగ్గు. వెతకడం ఆపేస్తే, పోయినవాడు ఎన్నటికీ పూర్తిగా పోడు. ఇంట్లో భోజనాల వేళకు గుమ్మం వైపు చూస్తూనే ఉంటారు.

ఈ ఏడు మళ్లీ పోతన దగ్గరికి వచ్చాను. శ్రీనాథుడు ఎంగిలి చేత్తో పరుగెత్తడం చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను అలవాటైన ముగింపు చెప్పకుండా, “మరి తాడు కోసం ఇంటికెళ్లి రావాల్సిందంటారా?” అని అడిగాను. క్లాసు రెండుగా చీలింది. వెళ్లాలని కొందరు, వెళ్లేలోపు పిల్లాడు పోతాడని కొందరు. వెనకబెంచీలో ఎప్పుడూ నోరు విప్పనివాడొకడు లేచాడు.

“మేస్టారూ, ఇంటికెందుకండి. బావికి గిలక ఉంటది కదండి. గిలకకి చేదతాడు ఉంటది కదండి.”

పదిహేనేళ్లలో నాకు ఆ గిలక కనపడలేదు. శ్రీనాథుడి కళ్లకు కనపడలేదు, సరే. పక్కనే నిలబడి నవ్వినవాడికైనా కనపడాలి కదా.

సాయంత్రం రేవుకు వెళ్లాను. కిందటేడు మా బ్యాచివాళ్లం చందాలు వేసుకుని కొన్న నైలాన్ తాడు అక్కడ రావిచెట్టు మేకుకు వేలాడాలి. మేకు ఒక్కటే ఉంది. వెతుక్కుంటూ గట్టు దిగితే, ఎవరి గేదెనో దానితో చెట్టుకు కట్టేసి ఉంది. కోపంతో విప్పబోయాను. ముడి బోలైనే. ఒక్క వేలితో ఊడి వచ్చింది.