గ్లాసులో ఉన్నది ఒకటా, కొన్నా?

ఫ్రోజెన్ మార్గరీటా అంటే టకీలా, నారింజ లిక్కర్, నిమ్మరసం ఐసుతో పాటు మిక్సీలో వేసి చిక్కగా తిప్పిన పానీయం. ఇంట్లో ఒక గ్లాసుకు 60 మి.లీ. టకీలా, 30 మి.లీ. లిక్కర్, 30 మి.లీ. నిమ్మరసం, కాస్త పంచదార పాకం, కప్పున్నర ఐసు సరిపోతాయి. మరీ చల్లనిదాంట్లో తీపి నాలుకకు సరిగా తెలియదు, అందుకే పాకం. మిక్సీ ఆగాక జారులో కనిపించేది లేత రంగు ముద్ద ఒక్కటే. ఏది టకీలా, ఏది నిమ్మరసం అని వేలు పెట్టి చూపించలేం. అది నిజంగా ఒక్క వస్తువేనా, పక్కపక్కన సర్దుకున్న కొన్ని వస్తువులా అన్నది మిక్సీ కంటే చాలా పాత ప్రశ్న.

అరిస్టాటిల్ ఈ విషయంలో గట్టివాడు. గోధుమలూ బార్లీ గింజలూ ఒక గంపలో పోస్తే అది కలయిక కాదంటాడు. గింజలను ఎంత సన్నగా నూరినా అంతే. కంటికి ఆనని ముక్కలు పక్కపక్కన ఉండటమే కలయికైతే, గ్రీకు పురాణాల్లోని సూక్ష్మదృష్టిగల లింకెయస్‌కు ఏదీ కలిసినట్టు కనిపించదు. నిజమైన కలయికలో ఏ చిన్న భాగం తీసినా మొత్తం లాగే ఉండాలి.

ఈ కొలత మీద ఫ్రోజెన్ మార్గరీటా నిలవదు. కారణం గడ్డకట్టే తీరులోనే ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు స్ఫటికంలోకి నీరే చేరుతుంది. పంచదార, పులుపు, ఆల్కహాల్ బయటే ఉండిపోతాయి. శుద్ధమైన ఆల్కహాల్ గడ్డకట్టాలంటే మైనస్ 114 డిగ్రీలు కావాలి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో టకీలా సీసా ద్రవంగానే ఉండేది అందుకే. కాబట్టి గ్లాసులో ఉన్నది రుచీపచీ లేని మంచు నలుసులు, వాటి సందుల్లో బాగా ఘాటైన ద్రవం. పుల్ల ఐసు గట్టిగా పీల్చిన పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు: రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేస్తాయి, పుల్లకు తెల్లటి ఐసుగడ్డ మిగులుతుంది. మార్గరీటాను స్ట్రాతో ఆత్రంగా లాగినా గ్లాసు అడుగున జరిగేది ఇదే. మిక్సీ కలుపుతోందనుకుంటాం గానీ, చలి ఆ కలయికకు ఎదురు పనిచేస్తూనే ఉంటుంది.

గ్రీకు తాత్వికులైన స్టోయిక్కులు మరో దారి పట్టారు. రెండు వస్తువులు తమ గుణాలు పోగొట్టుకోకుండానే ఒకదానిలో ఒకటి పూర్తిగా వ్యాపించగలవని, ఒక్క చుక్క ద్రాక్షసారా సముద్రమంతా పరుచుకోగలదని వాళ్లలో ఒకడైన క్రిసిప్పస్ వాదించాడు. ఆ చుక్క నీరైపోతుందే తప్ప నీటితో కలవదన్న అరిస్టాటిల్ మాటకు ఇది సూటి జవాబు. నూనెలో ముంచిన స్పంజితో ద్రాక్షసారాను నీటి నుంచి మళ్లీ వేరు చేయవచ్చని కూడా స్టోయిక్కులు చెప్పేవారు. ప్రయోగంగా అది తేలిపోయేదే. వేరుపడగలదంటే లోపల పోలేదన్న ఆలోచన మాత్రం గట్టిది.

మన తార్కికులకు ఈ గ్లాసు ఇంకా చిక్కైనది. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ప్రకారం నీటి రుచి తీపి ఒక్కటే. పులుపు పృథివికి చెందింది. అంటే నిమ్మరసంలో పులుపు నీటిది కాదు, అందులోని పార్థివ భాగాలది. పృథివీ జలమూ విజాతీయాలు, రెండూ కలిసి ఒకే అవయవిని, అంటే భాగాలతో ఏర్పడే కొత్త వస్తువును, పుట్టించలేవు. వాటి మధ్య ఉండేది సంయోగం, అంటే ఒకదానికొకటి తగిలి ఉండటం, మాత్రమే. ఇక మంచు సంగతి. ద్రవత్వం నీటికి సహజం, నేతికి మాత్రం వేడి తగిలితేనే వస్తుంది. అలాంటప్పుడు వడగల్లు ఎలా గట్టిపడింది? అది నీరేననీ, అదృష్టవిశేషం దాని ద్రవత్వాన్ని అడ్డుకుందనీ తార్కికుల సమాధానం. ఇక్కడ అదృష్టమంటే కంటికి కనబడని కారణం, లాటరీలో తగిలేది కాదు. ఫ్రీజరు ఎరగని కాలంలో ఇంతకంటే నిజాయితీగల జవాబు ఉండదేమో.

భౌతికవాదులైన చార్వాకుల ఉపమానం నేరుగా కల్లుకుండ దగ్గరికే వెళ్తుంది. విడివిడిగా మత్తు లేని పదార్థాలు కిణ్వంతో పులిసినప్పుడు మత్తు పుట్టినట్టే, జడభూతాలు కూడితే చైతన్యం పుడుతుందని వాళ్ల వాదం. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం ఈ వాదాన్ని మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. మార్గరీటాలో మత్తుకు మాత్రం ఈ ఉపమానం అతకదు. అది చాలావరకు మెక్సికోలో కిత్తలి గడ్డ పులిసిన రోజునే పుట్టింది. మిక్సీ దానికి చుక్కంత కూడా చేర్చలేదు. మిక్సీ చేర్చింది వేరే ఉంది: నాలుక మీద వెన్నలా జారే మెత్తదనం. ఐసు గడ్డకు అది లేదు, టకీలాకు లేదు. చార్వాకుడికి గెలుపంటూ ఉంటే అది ఈ మెత్తదనం దగ్గరే.

ఆ మెత్తదనాన్ని నిలబెట్టడం బార్లకూ సమస్యే. మిక్సీలో ఒక్కో గ్లాసూ ఒక్కోలా వస్తోందని డాలస్‌లో మారియానో మార్టినెజ్ 1971లో సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్గరీటాకు మలిచాడు. ఆ యంత్రం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అది ముద్దను ఆపకుండా చల్లబరుస్తూ, కలుపుతూ ఉంటుంది. ఇంట్లో ఆ వసతి ఉండదు కనుక టకీలా సీసానూ గ్లాసునూ ముందే ఫ్రీజరులో పెట్టి, తిప్పిన వెంటనే తాగాలి. పక్కన పెట్టి మరిచిపోతే మంచు మొత్తం కరుగుతుంది; అప్పుడు ఒకసారి తిప్పితే నీరూ ఆల్కహాలూ పులుపూ తీపీ ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి. అడుగు నుంచి తీసిన చెంచా, పై నుంచి తీసిన చెంచా అప్పుడు ఒకే రుచి. అరిస్టాటిల్ అడిగిన కలయిక గ్లాసులో తయారయ్యేది అప్పుడే, అది సింకులోకి పోయే ముందు.